ఖాళీ కాని తొట్టి

జూలై 4

పన్నెండు. బస్సులో అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా లెక్కపెడుతూనే వచ్చాను. పక్క సీటు ఆవిడ ముక్కు మూసుకుంది. మూసుకోనీ.

జరిగింది జరిగినట్టు రాసి పెడతాను. కోళ్ళఫారంలో రెండో షెడ్ నాది. ఆరేళ్ళుగా నాదే. నీళ్ళు, బల్బులు, తొట్లలో దాణా పోయడం నా డ్యూటీ. ఆ దాణా స్టోర్లో కలిపి పంపేది మా తోటికోడలు. పెద్దది కాబట్టి అక్కా అంటాను. అనేదాన్ని. పోయిన వారం నా షెడ్‌లో నాలుగు వందల కోడిపిల్లలు మూడు రోజుల్లో పోయాయి. ఇవాళ మేనేజర్ అందరినీ నిలబెట్టి ఎందుకు పోయాయని అడిగాడు. దాణా పాడైందన్నాను. ఎవరు కలిపారని అడిగాడు. నేను అక్క వైపు చూశాను. అక్క ఏదో చెప్పబోయింది గానీ ఎవరూ వినలేదు. ఇద్దరినీ ఇంటికి పొమ్మన్నాడు.

వచ్చేస్తూ హేచరీలో ఆగాను. నిన్న గుడ్డులోంచి వచ్చినవాటిలో కాలు వంకరని, నలుసంత ఉన్నాయని పక్కన పడేసినవి ఈ పన్నెండూ. ఒక్కటి పోకుండా పెంచి చూపిస్తాను. మంచి దాణా పడితే నా చేతిలో ఏదీ చావదు. ఇది మాత్రం రాసిపెట్టుకోండి. ఎవరు రాసిపెట్టుకుంటారో, నేనే రాసుకుంటున్నాను.

జూలై 5

పెరడు ఇద్దరిదీ. ఇల్లు ఒకటే, మధ్యలో గోడ, అటు బావగారి కాపురం, ఇటు మాది, అత్త రెండు వైపులా తింటుంది. పెరట్లో పంపు పక్కన రేకుల కొట్టంలో నా పిల్లల్ని పెట్టాను. అక్క తన వైపు తలుపు మూసేసుకుంది. చప్పుడు అయ్యేలా మూసింది. నేను అంతకంటే గట్టిగా మూశాను.

జూలై 6

కింద రంపపు పొట్టు. పైన బల్బు. అన్నీ బల్బు కింద కుప్పపడితే చలి, మూలలకి పారిపోతే వేడి ఎక్కువ. నా పిల్లలు పెట్టెంతా పరుచుకుని పడుకున్నాయి. అంటే సరిగ్గా ఉందని. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వేశాను, మునగకుండా. ఒకదానికి వెనక రెట్ట ఎండి అతుక్కుపోతే గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి తుడిచాను. మా ఆయన చూసి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన జ్వరానికి కూడా ఇంత సేవ చెయ్యలేదన్నాడు. నువ్వు నలుసంత ఉన్నావా అన్నాను.

దాణా బజారులో నేనే కొన్నాను. వాసన చూసి, వేళ్ళతో నలిపి చూసి కొన్నాను. అక్క చెయ్యి పడని దాణా.

జూలై 9

ఆయన చెక్కతో తొట్టి చేసిచ్చాడు. మూరెడు పొడుగు. నింపాను.

తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి నాకు. సగానికి దిగితే చాలు, పైన పోసేస్తాను. చిన్నప్పుడు మా ఇంట్లో గిన్నె అడుగు గీకిన చప్పుడు రోజూ వినేవాళ్ళం. ఆకలిగా వచ్చినవాళ్ళకి ఖాళీ గిన్నె చూపించడం అమ్మకి చచ్చేంత సిగ్గు. నాకూ అంతే. ఆరేళ్ళలో నా షెడ్‌లో తొట్టి అడుగు ఎవరికీ కనపడలేదు. మేనేజర్ కూడా మెచ్చుకున్నాడు ఒకసారి.

జూలై 13

ముసురు. పన్నెండూ ఉన్నాయి. రెక్కల చివర ఈకలు వస్తున్నాయి. ఒకటి మిగతావాటిని పొడిచి నీళ్ళ దగ్గర నిలబడుతుంది, తాను తాగదు, ఇంకొకర్ని తాగనివ్వదు. దానికి మేనేజర్ అని పేరు పెట్టాను.

జూలై 16

అత్త అటు నుంచి కబురు మోసుకొచ్చింది. తొట్టిని రోజూ ఒకసారి బోర్లించమని అక్క చెప్పమందట. నాకు ఒళ్ళు మండింది. నాలుగు వందల ప్రాణాలు తీసిన మనిషి నాకు పాఠాలు చెప్తోంది. ముందు తన స్టోర్ బోర్లించుకోమని చెప్పమన్నాను. అత్త, తనేమీ పోస్ట్‌మేన్ కాదంది. కానీ వెళ్ళి చెప్పింది.

జూలై 17

ఆకుకూర సన్నగా తరిగి వేశాను. యుద్ధమే. మేనేజర్ కాడ లాక్కుని పరిగెత్తింది, వెనకాల పదకొండూ. పంపు దగ్గర బట్టలు ఉతుకుతున్న అక్క నవ్వింది. నేను చూశానని తెలియగానే ఆపేసింది. ఆ నవ్వు అంటే నాకు ఇష్టం. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

జూలై 24

ఒకటి పోయింది. కాలు వంకరది. పొద్దున రెక్కలు వేలాడేసి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. మధ్యాహ్నానికి లేదు.

బలహీనమైనదే కదా. ముసురు కదా.

జూలై 25, ఉదయం

ఇంకోటి. మేనేజర్. అన్నిటికంటే బలమైనది. అదే నోరు తెరవడం, అవే రెక్కలు. షెడ్‌లో ఇలాగే పోయాయి. అచ్చం ఇలాగే.

జూలై 25, సాయంత్రం

దాణా సంచి మొత్తం గచ్చు మీద కుమ్మరించాను. పొడిగా ఉంది. మంచి వాసన. కొట్టువాడి మీదికి వెళ్ళి అరుద్దామని చెప్పులు కూడా వేసుకున్నాను. అరవడానికి ఏమీ దొరకలేదు.

అప్పుడు తొట్టి వైపు చూశాను. నిండుగా ఉంది. పైన బంగారంలాంటి దాణా. చెయ్యి అడుగుదాకా పెట్టాను. వేళ్ళకి తడి తగిలింది. బోర్లించాను. పైన ఉన్నది జారిపోయింది, అడుగున ఉన్నది రాలేదు. తొట్టికి పట్టేసింది. నల్లగా, పచ్చగా, బూజు. పిల్లలు తాగుతూ ముక్కులు విదిలిస్తే పడ్డ నీళ్ళు, రెండు వారాల పాత దాణా, దాని మీద రోజూ నేను పోసిన కొత్తది. కాళ్ళతో గీరి పైకి తెచ్చుకుని అదే తిన్నాయి.

షెడ్‌లో అరవై తొట్లు. ఆరేళ్ళలో ఒక్కటీ ఖాళీ కానివ్వలేదు నేను. ఈ ఏడు ముసురు ముందే పట్టింది, అంతే.

అక్క దాణా కాదు. నేను.

జూలై 26

ఎవరికీ చెప్పను.

జూలై 30

తొట్టి కడిగి ఎండబెట్టాను. ఇప్పుడు సాయంత్రానికి ఖాళీ అయ్యేంతే పోస్తున్నాను. రోజూ బోర్లిస్తున్నాను, అక్క తలుపు మూసి ఉన్నప్పుడు. పది ఉన్నాయి. హుషారుగా ఉన్నాయి. మిగతా రెండూ ఎలా పోయాయని అత్త అడిగితే చలికి అన్నాను. అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో.

ఆగస్టు 6

పక్క ఊరి ఫారంలో అక్కకి పని లేదు పొమ్మన్నారట. పాడైన దాణా పెట్టి నాలుగు వందలు చంపిన మనిషి అని వాళ్ళకీ తెలిసిందట. బావగారు మా ఆయనతో చెప్తుంటే విన్నాను. అన్నం సహించలేదు.

ఆగస్టు 9

మేనేజర్ వచ్చాడు. మనిషి మేనేజర్. పెరట్లోకి వచ్చి నా పదింటినీ చూశాడు. పారేసినవాటిని ఇలా పెంచావంటే తప్పు నీది కాదని ఇప్పుడు రుజువైంది, సోమవారం నుంచి డ్యూటీకి రమ్మన్నాడు. అక్క సంగతేమిటని అడిగాను. ఆవిడ ఊసెత్తొద్దన్నాడు. తప్పు నీది కాదన్న మాట, నెల రోజులుగా నాకు కావలసింది సరిగ్గా అదే. విన్నాను. తొట్టి వైపు చూడకుండా పిల్లలకి నీళ్ళు మార్చాను.

గోడ అవతల అంట్లు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. అంతా వినపడింది అక్కకి.

ఆగస్టు 12, సోమవారం

వెళ్ళాను. డ్యూటీకి కాదు. ఆ రోజు అందరి ముందూ చెప్పాను కాబట్టి ఇవాళ కూడా అందరూ వచ్చేదాకా ఆగాను. తొట్టి పట్టుకెళ్ళాను. బోర్లించి చూపించాను. అడుగున ఏముండేదో చెప్పాను. దాణా మంచిదే, స్టోర్ మంచిదే, చెయ్యి నాది అన్నాను. తల వంచుకుని చెప్పలేదు. తప్పు ఒప్పుకునేటప్పుడు మెడ కిందికి దించాలని ఎక్కడా లేదు. మేనేజర్ ముఖం మాడ్చుకుని, మాట్లాడకుండా ఉంటే ఉద్యోగం ఉండేది కదా అన్నాడు. ఉండేది అన్నాను. అక్కని పిలవమన్నాను. చూస్తానన్నాడు. పిలిచేదాకా రోజూ గేటు దగ్గరికి తొట్టి పట్టుకుని వస్తానన్నాను. వస్తాను కూడా.

ఇంటికొచ్చి అక్క తలుపు కొట్టాను. అంతా చెప్పాను. బట్టలు మడతపెడుతూనే ఉంది. ముందే తెలుసా అని అడిగాను. తెలుసంది. నీ షెడ్‌కి వచ్చినప్పుడల్లా తొట్టి బోర్లించమని ఆరేళ్ళుగా చెప్తున్నాను, ఎప్పుడైనా విన్నావా అంది. వినలేదన్నాను. నన్ను క్షమించు అక్కా అన్నాను. ఆవిడ తలుపు వేసేసుకుంది. ఈసారి చప్పుడు కాలేదు.

ఆగస్టు 14, ఉదయం 6

తొట్టి కడిగి గోడకి బోర్లించి ఉంది. అంచుల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. పంపు దగ్గర నుంచి అక్క గుమ్మం దాకా తడి అడుగులు. నేనిప్పుడే నిద్రలేచాను.