తోంచ్కా అత్త నూతిలో ఎవరున్నారు?

చర్నోమెల్ దగ్గర, మన ఇల్లు

బంగారుతల్లి బ్రీనాకు తోంచ్కా అత్త దీవించి రాసేది.

ఇక్కడ నా మోకాలు తప్ప అందరం క్షేమం. పంగలపుల్ల పట్టుకుని భూమిలో నీళ్లు కనిపెట్టే గాష్పర్ వచ్చాడు. నా మంచం దగ్గరికి రాగానే పుల్ల గిర్రున తిరిగింది! వంటింటి నూతి నుంచి చెడ్డ నీటిపాయ ఒకటి మంచం కిందుగా పోతోందట. నా మోకాలిని పీల్చేస్తున్నది అదేనట. శనివారం నూతిలో కాంక్రీటు పోయించేస్తున్నాను. మీ మామయ్య సొంతంగా తవ్విన నుయ్యి, మనసు ఒప్పుకోవడం లేదు. కానీ నొప్పి ఎవరు పడతారు?

ఇట్లు, మీ అత్త.

తా.క.: సిమెంటు కూడా గాష్పరే అమ్ముతున్నాడు. ఎంత మంచివాడో!

ల్యుబ్ల్యానా

అత్తయ్యకు ముద్దులు.

కొంప ముంచకు! మన సున్నపురాతి నేలలో ఎక్కడ నిలబడ్డా కింద నీళ్లే. పుల్ల తిరిగేది వాడి మణికట్టు వల్ల. మోకాలు డాక్టరుకు చూపించు. నాకు ఒక సీసాడు నూతినీళ్లు పంపు. నీళ్లలో బతికే ప్రతి ప్రాణీ చర్మపు పొట్టో, జిగురో రాలుస్తుంది. ఆ నలుసుల్ని మా ల్యాబులో పరీక్షించి అందులో ఎవరుంటున్నారో ఇప్పుడు చెప్పేయగలం.

ఇట్లు, బ్రీనా.

తా.క.: సిమెంటు కొనకు.

చర్నోమెల్ దగ్గర

బ్రీనాకు, ఈసారి దీవెనలు లేవు.

ఛీ ఛీ, చదువుకున్నదానివి, నువ్వూ ఈ దారే పట్టావా! వాడైనా కింద నీళ్లున్నాయని ఊరుకున్నాడు. నువ్వు సీసాలోకి చూసి కాపురముంటున్నదెవరో చెబుతావా? వాడు మోసగాడైతే నువ్వు వాడి గురువువి! మీ అమ్మకు ఇంకా చెప్పలేదు, గుండె ఆగిపోతుంది. సరే, ఎవరి బండారం ఏమిటో చూస్తాను. నీకు మూడు సీసాలు, వాడికి మూడు సీసాలు. ఏది ఎక్కడిదో చెప్పను. అప్పటిదాకా కాంక్రీటు ఆపించాను.

ఇట్లు, ఎవరినీ నమ్మని అత్త.

తా.క.: వాసన పట్టి చెబుదామనుకోకు. అన్నీ మన ప్లమ్ పండ్ల సారా సీసాలే.

ల్యుబ్ల్యానా

అత్తయ్యా, హడావుడిగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

మొదటి సీసాలో బాతులు. రెండోదాంట్లో గొర్రెలు, ఒక కుక్క. మూడోదాని ఫలితం నమ్మలేక మా ప్రొఫెసరమ్మతో మళ్లీ చేయించాను. అందులో ప్రోటియస్ ఉంది! పెద్ద వానలకు కొండలోంచి కొట్టుకొస్తే మన పెద్దవాళ్లు డ్రాగన్ పిల్ల అనేవాళ్లే, ఆ కళ్లులేని, పాలరంగు, బల్లిలాంటి ప్రాణి. నూరేళ్లు బతకగలదట. ఏళ్ల తరబడి తిండి లేకుండా ఉండగలదు. హెర్జెగోవినా గుహలో ఒకటి ఏడేళ్లు ఉన్నచోటు నుంచి కదల్లేదని ఈమధ్యే రాశారు. ఆ మూడో సీసా ఏ గుహలోది?

ఇట్లు, నీ బ్రీనా.

తా.క.: ఏడేళ్లు కదలనిదాన్ని గురించి చదువుతుంటే కుర్చీలోంచి లేవని మా బాబాయే గుర్తొచ్చాడు.

చర్నోమెల్ దగ్గర

నా తల్లి బ్రీనాకు వేయి దీవెనలు.

బాతులు చెరువువి. గొర్రెలు తొట్టివి. ఆ కుక్క మనదే, ఎప్పుడూ ఆ తొట్టిలోనే మూతి పెడుతుంది. మూడోది ఏ గుహలోదీ కాదమ్మా, మన వంటింటి నూతిలోది.

గాష్పర్‌కిచ్చిన మూడు సీసాల్లోనూ ఆ నూతినీళ్లే పోశాను. మొదటిది ప్రాణం తీస్తుందన్నాడు, రెండోది మోకాలు బాగుచేస్తుందన్నాడు, మూడోది డ్రమ్ముల లెక్కన కొంటానన్నాడు! వాణ్ణి సిమెంటుతో సహా పంపించేశాను.

నీ ఉత్తరం చదివి పీటమీద కూలబడ్డాను. పెళ్లయి వచ్చింది మొదలు ఆ నీళ్లతోనే సూపు కాచాను, పిల్లలకు స్నానాలు చేయించాను. కిందేమో, ఆ చీకట్లో, రాళ్ల సందుల్లో అది చప్పుడు లేకుండా బతుకుతూనే ఉంది. మీ మామయ్య పలుగు పట్టకముందే అక్కడుందేమో, ఈ ఇంటికి అసలు యజమాని అదేనేమో! దేవుడా, దాని నెత్తిన కాంక్రీటు పోయించబోయాను.

ఇట్లు, నీ అత్త.

తా.క.: చేద మెల్లగా దించుతున్నాను. పడుకుని ఉంటుందేమో.