పెరటి తలుపు తట్టిన మనిషి

రత్నా,

నువ్వు పోయిన ఏడాదికి, నిన్న పుంగనూరు సంతలో మాట్లాడాను. కొత్త ప్లీడరు దగ్గరికి కక్షిదారులు రావాలంటే నలుగురిలో నిలబడి చట్టం చెప్పాలని ఎంత పోరేదానివి! "కోర్టులో మాదిరి మాట్లాడినారంటే ఎద్దులు గూడా లేసిపోతాయి" అని నవ్వేదానివి. అందుకే నల్లకోటు మదనపల్లె ఇంట్లోనే వదిలి వెళ్లాను. యుద్ధం ముగిసి పట్టాళం నుంచి తిరిగొచ్చినవాళ్లతో సంత కిక్కిరిసింది. ఎడ్ల మధ్య నిలబడి, బావి నీళ్ల వంతుల తగాదాల గురించి చెప్పాను. కాసేపటికి జనమే దగ్గరికి జరిగారు. నువ్వు చూడాల్సింది.

ఈ ఉదయం పెరటి తలుపు చప్పుడైంది. పల్లెల ఆడవాళ్లు ప్లీడరు ఎదుట నోరు విప్పరు కదా. పెరటివైపు వచ్చి ముందు నీకు చెప్పుకునేవాళ్లు, అన్నం వడ్డిస్తూ నువ్వు నాకు చెప్పేదానివి. తలుపు తీస్తే పెద్దపంజాణి ఊరి ముసలామె ఒకరు.

"నిన్న సంతలో మీ మాట ఇని వచ్చినానప్పా. అమ్మ యాడుండాది? ఆయమ్మకు సెప్పుకుంటాను."

తల అడ్డంగా ఊపాను. నువ్వు ఊళ్లో లేవనుకుంది.

"వచ్చేదాకా ఈడే కూసుంటాలే అప్పా."

నువ్వు కూర్చునే రాతిమెట్టు మీద నీకు చోటు వదిలి, ఓ పక్కగా కూర్చుంది.

పొద్దెక్కింది. లేచి వెళ్లి ఆమెకు నిజం చెప్పాలి. కానీ రత్నా, ఇన్నాళ్లకు ఈ ఇంట్లో నీకోసం ఎదురుచూసేవాళ్లం ఇద్దరమయ్యాం. ఇంకాసేపు అలాగే ఉండనిస్తాను.