కన్నీటి మనవులు

సాలూరు,
జూలై 12

ప్రభువునందు ప్రియమైన బేబీకి,

వందనాలు. ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటని అనుకోకు. ఫోన్ ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది.

మా ఫిన్నీ మందుల చీటీ ఫొటో తీసి, ప్రార్థన చేయమని నీకూ మెర్సీ అక్కకూ మాత్రమే పంపాను కదా. అది ఫేస్‌బుక్‌లో ‘కన్నీటి మనవులు’ అనే పేజీలో వచ్చింది. పిల్ల పేరు, జబ్బు పేరు, మా ఫోన్ నంబరు, ఏదీ దాచలేదు. కింద నాలుగు వందల మంది ఆమెన్ అని రాశారు.

దానికి చివరిసారి మూర్ఛ వచ్చి ఆరేళ్ళయింది. అయినా సోమవారం అది పాఠాలు చెప్పే బడి గేటు దగ్గర ఒకామె అరిచిందట, “ఆ టీసరమ్మ ఫిట్సొచ్చి పడిపోతే మా బుడ్డోడి గతేటి?” అని. హెడ్మాస్టరు తిరుమలరావు గారు కొన్నాళ్ళు రావద్దన్నారు. మళ్ళీ పిలుస్తారన్న ఆశ లేదు.

“నా జబ్బు నాది కదమ్మా, నన్నడక్కండా ఎందుకు పంపినావు?” అంది ఫిన్నీ.

ఇది మెర్సీ అక్క పనే అనుకుంటున్నాను. ఊరుకోను బేబీ.

నీ,
సత్యవతి

కోటబొమ్మాళి,
జూలై 17

నా ప్రియమైన సత్యకు,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. మెర్సీ అక్క కాక ఇంకెవరే? చర్చిలో స్త్రీల సమాజానికి పెద్దనని ఆవిడకి ఎంత గర్వం! కొడుకు శాంతికుమార్ విశాఖపట్నంలో చదువుతున్నాడని అందరికీ చెబుతుంది. వాడిని తాగుడు మాన్పించే ఆసుపత్రిలో పెట్టారు. ఆ సంగతి అదే పేజీకి పంపు. ఏది ఎవరు పంపారో వాళ్ళు బయటపెట్టరు. ఎలా పంపాలో నేను చెబుతాను.

ఫిన్నీకి నా ముద్దులు.

ఎప్పటికీ నీ,
బేబీ

సాలూరు,
జూలై 20

ప్రియమైన బేబీకి,

నువ్వు చెప్పింది బాగానే ఉంది గాని, ఇప్పుడు నాకు ఓపిక లేదు. రొమ్ములో గడ్డ తగిలింది. గురువారం విజయనగరం వెళ్ళి పరీక్ష చేయించుకుంటాను. ఫిన్నీకి చెప్పలేదు, మెర్సీ అక్కకీ చెప్పలేదు. భూమ్మీద నీకొక్కదానికే చెప్పాను. నువ్వొక్కదానివే ప్రార్థించు.

నీ,
సత్య

కోటబొమ్మాళి,
జూలై 26

నా ప్రాణమైన సత్యకు,

రెండు రోజులుగా మోకాళ్ళ మీదే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదే, మా వారు ఏసుదానం గారికి కూడా. ఒట్టు. పరీక్షలో ఏమన్నారో వెంటనే రాయి.

నీ,
బేబీ

సాలూరు,
ఆగస్టు 5

బేబీకి,

నాకు గడ్డ లేదు. గురువారం నేను విజయనగరం వెళ్ళలేదు, ఇంట్లో కూర్చుని కందిపప్పు బాగుచేసుకున్నాను. అబద్ధం ఆడినందుకు దేవుడికి నేనే జవాబు చెప్పుకుంటాను. నువ్వు ఒట్టేసి ఉత్తరం రాసిన రోజు పొద్దున్నే ఆ పేజీలో వచ్చింది, ‘సాలూరు సహోదరి సత్యవతి రొమ్ములో గడ్డ’ అని. ఈసారి తొమ్మిది వందల ఆమెన్‌లు. మనవులు ఎక్కువ పంపినవాళ్ళని లైవ్‌లో మెచ్చుకుంటారట కదా. ఆదివారం నిన్ను ‘ప్రార్థనా యోధురాలు’ అన్నారు. ఆ మాట కోసమా, నా కూతుర్ని వీధిలో పెట్టావు?

శాంతికుమార్ గురించి నువ్వు రాసిన ఉత్తరం మెర్సీ అక్క చేతికిచ్చాను. చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత, “పద, సత్యా” అని నన్ను బడికి తీసుకెళ్ళి తిరుమలరావు గారిని అడిగింది, “మీరు మింగే మాత్రలు కూడా గేటుకి అంటిద్దుమా బాబూ?” అటునుంచి పోలీసు స్టేషనుకి వెళ్ళి నీ మీద, ఆ పేజీ మీద ఫిర్యాదు ఇచ్చాం. పేజీలోంచి చీటీ ఫొటో తీసేశారు. ఫిన్నీ మళ్ళీ బడికి వెళుతోంది. దాని తరగతిలో నలుగురు పిల్లలు మానేశారు. నాతో ఇంకా సరిగా మాట్లాడదు.

నిన్ను క్షమించమన్నారు పాస్టరు గారు. తలూపి వచ్చాను.

పంతొమ్మిదేళ్ళ కింద పలాస ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని నువ్వు చెప్పిన మాట నాకు గుర్తుంది. ఏసుదానం గారికి అది ఇప్పటికీ తెలియదు. దాన్ని ఏ పేజీకీ పంపను, నోటితో చెప్పను, ఈ కాగితం మీద కూడా పెట్టను. కానీ చెప్పనంటే నువ్వు నమ్మలేవు, నువ్వైతే చెప్పేదానివి కనుక. ఇకమీదట ఆయన ఫోన్ మోగిన ప్రతిసారీ ఆయన ముఖం చూడు.

సత్యవతి