గట్టుకి యాభై అడుగుల దూరంలో

ఏలూరు,
ఫిబ్రవరి 9, 2025

తాడేపల్లిగూడెం ఆంజనేయప్రసాద్ మావయ్యగారికి,

మేనల్లుడు ఫణికిరణ్ నమస్కారాలు. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇక్కడ అందరం కులాసా. నా కోపం కూడా కుదుటపడింది.

పోయిన నెల మీ స్టూడియోలో నేనన్న మాటకి ముందుగా క్షమాపణ. మీ పాత రేంజ్‌ఫైండర్ కెమెరా నా చేతికిచ్చి, దీనికి తొంభై ఎమ్.ఎమ్. లెన్సు చాలురా, చాలకపోతే నాలుగడుగులు ముందుకెయ్యి అన్నారు. పెళ్ళిళ్ళలో నవ్వమని చెప్పి తీసేవాళ్ళకి పోరాటం ఏం తెలుస్తుందని అరిచి, నేను ఇంకా దూరం నుంచి తీసే నూట ముప్పై అయిదు లెన్సు కొనుక్కొచ్చాను. నాలుగు కరపత్రాలు చదివినవాడికి నలభై ఏళ్ళ చేతిపని కంటికి ఆనలేదు.

నాకు కావలసింది ఒక్క ఫొటో. కొల్లేట్లో కొత్తగా లేస్తున్న చేపల చెరువు గట్టు, దానివల్ల నీరందక ఎండిపోయిన, జాలరి యాకోబు వాళ్ళు చేపలు పట్టే వెదురు మావులు, రెండూ కలిసి పడాలి. ఇరవయ్యో తేదీన వాళ్ళ అర్జీ మీద విచారణ. అది వీగిపోతే పాతిక కుటుంబాలకి ఈ ఏడు వేట లేదు. ఫోన్లో తీస్తే మార్చారంటారు, నెగటివ్ చూపిస్తే అనలేరు.

తుంగ చాటున కూర్చుని రీలంతా తీశాను. ఆ లెన్సుకి వ్యూఫైండర్లో బొమ్మ హద్దు చూపే గడి చింతగింజంత. ఫోకస్ కోసం అందులో కనిపించే జంట బొమ్మల్ని ఒకటిగా కలిపేలోపు కెమెరా కదిలిపోయేది. ముప్పై ఆరింటిలో గట్టు పడితే మావు లేదు, మావు పడితే మసక. యాకోబు అవి చూసి నవ్వాడు.

"తప్పు చేసినోళ్ళు గట్టు మీదే నిలబడ్డారు కదండీ, మీరెందుకండీ తుంగలో దాక్కోవడం? పడవెక్కండి, దగ్గరికెళ్దాం" అన్నాడు.

ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. మర్నాడు పడవెక్కాను. కెమెరా మీద మీట జరిపితే ఆ లెన్సు లేకుండానే తొంభై గడి కనిపిస్తుందని మీరు చూపించారుగా, అలా చూశాను. గట్టుకి యాభై అడుగుల్లో రెండూ కుదిరాయి.

మీ బీరువాలోని తొంభై లెన్సు బుధవారం లోపు ఇప్పించండి. వచ్చి తీసుకొమ్మంటే వస్తాను, తిట్లతో సహా.

మీ మీద అరిచి, చివరికి మీ మాటే వింటున్న
ఫణికిరణ్

తా.క.: మీకు చెప్పనిది ఒకటుంది. ఆ గట్టు నాన్నగారిది. రోజూ పొద్దున్నే ఆయన దాని మీద నిలబడి పని చేయిస్తారు. నేను పెద్ద లెన్సు కొన్నది పోరాటం కోసం కాదు, ఆయనకి నా మొహం కనపడకూడదని. నిన్న భోజనాల దగ్గర చెప్పేశాను, గురువారం వచ్చి ఎదురుగా తీస్తానని. కంచం ముందు నుంచి లేచిపోయారు. ఇవాళ చెప్పులేసుకుంటూ, "గట్టు మీంచి ఆ మావులు నాకెప్పుడూ కనపళ్ళేదురా. పడవలో నాకూ చోటుంచమను" అన్నారు. అబద్ధమే అయ్యుండొచ్చు. చోటుంచమని యాకోబుకి చెప్పాను.