నోరు తెరవకముందే తెల్ల క్లిప్పులు

ప్రొద్దుటూరు

అమ్మా,

పళ్లకు క్లిప్పులు సోకు కోసమని నువ్వు అనుకోవడమే నాకు కష్టం. పళ్లు వంకరై, మాట్లాడేటప్పుడు పెదవి వాటి కింద పడి తెగుతోంది, అందుకే. ఫోనులో చెప్పనివ్వవు కాబట్టి కార్డు రాస్తున్నాను.

నిన్న నేను నోరు తెరవకముందే డాక్టరమ్మ, "తెల్లవి ఏసుకో పాపా, ఫొటోల్లో కనపడవు" అంది. సంబంధాలకు ఫొటోలు తీయించాలన్నది మన ఇంటి మాట. ఆమె చెవిలో ఎవరు వేశారు?

"పళ్లను లాగే తీగ దేంట్లో బాగా జారుతాది మేడం?" అని గుచ్చి అడిగాను.

"స్టీలులోనేలే. తెల్లవాట్లో రాపిడి ఎక్కువ, పళ్లు నిదానంగా కదుల్తాయి. అయినా మీ అమ్మ ఒప్పుకోవద్దా?" అంది. నీ గురించి నేనామెకు చెప్పనే లేదు.

నాయన దగ్గు తగ్గిందా? చెనిక్కాయలు పంపొద్దు, కొరకలేను, రాగిపిండి పంపు. జేజికి నా దండాలు చెప్పు.

సోమవారం స్టీలువే వేయించుకుంటున్నాను.

మైత్రేయి