మేత అడిగి కొన్న ప్రింటర్

మహబూబాబాద్

బాపూ, ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ చేస్తే తిడతావని కార్డు రాస్తున్నాను. నీ మనవరాలి చదువుకని ఇంట్లోకి ప్రింటర్ కొన్నాను.

కొట్టాయన చిన్నది చూపించి, “గిది తీస్కో అక్కా, అగ్గువకొస్తది” అన్నాడు. “సిరా డబ్బాకు ఎన్ని కాగితాలొస్తయి?” అని అడిగితే “నూరు” అని నసిగాడు. నిరుడు అలాంటిదే కొని, మిర్చి ఏరడానికి నేను నీ దగ్గరకొచ్చిన నెలలో సిరా ఎండిపోతే పారేశాం కదా! ఈసారి ధర రెట్టింపైనా సీసాతో సిరా పోసుకునేదే తెచ్చాను. ఒక్కసారి పోస్తే వేల కాగితాలొస్తాయి. నేను మిర్చికి వచ్చినప్పుడు సిరా ఎండకుండా వారానికో రంగు కాగితం తీయాలని నీ అల్లుడికి గట్టిగా చెప్పాను.

అవ్వ మోకాలు ఎట్లుంది? నూనె రాస్తున్నదా? దండాలు చెప్పు.

నన్ను తిట్టే ముందు ఒకటి గుర్తు తెచ్చుకో. బర్రెను కొనేనాడు “ధర గాదు బిడ్డా, ఎంత మేస్తదో అడుగు” అని నేర్పింది నువ్వే.

నీ బిడ్డ
సరోజన