కడుపునొప్పి వీరుడు థ్రోమండ్

సుపీరియర్, విస్కాన్సిన్
మే 1983

ప్రియమైన అంట్ల మహారాజు వెండెల్ గారి దివ్యసముఖానికి,

తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకుని ఇనుపరాయి మోసే ఓడలో గిన్నెలు తోముతున్న నీకు, చరిత్రలో పట్టా పుచ్చుకుని చెప్పుల దుకాణంలో ఊరందరి కాళ్ళూ పట్టుకుంటున్న ఆర్నీ సవినయంగా రాయునది.

నీ థ్రోమండ్ సంగతి తేల్చాలి. మన శనివారం ఆటలో నేను ఎదురుగా ఏముందో చెబుతాను, మీరు మీ మీ వీరులు ఏం చేస్తారో చెబుతారు, తేలనిది పాచిక తేలుస్తుంది. ఆడేవాడు రాకపోతే వాడి వీరుడికి కడుపునొప్పి, సత్రంలో పడక. ఇదీ మన ఆచారం. ఒక వారమంటే సరే. నీ ఓడ సరస్సులు గడ్డకట్టేదాకా ఇంటికి రాదు. అంత పొడుగు కడుపునొప్పి లోకంలో ఎవరికైనా వచ్చిందా? మొన్న ఆట మధ్యలో డార్లా అడిగింది: "ఆర్నీ, థ్రోమండ్‌కి ఎన్నో నెల?" బ్రూస్ నవ్వి నవ్వి తాగుతున్న సోడా ముక్కులోంచి తెచ్చుకున్నాడు.

డార్లా ఆఫీసులో టాడ్ అని ఒకడున్నాడు. మనతో ఆడతానంటున్నాడు. మా అమ్మ నేలమాళిగలో కుర్చీలు నాలుగు. నాలుగోది నీది. కాబట్టి థ్రోమండ్ నిద్రలోనే ప్రశాంతంగా పోయాడని ప్రకటిస్తాను. అంత్యక్రియలకి డప్పులు కూడా పెట్టిస్తాను. సరేనని ఒక్క ముక్క రాయి.

నీ కుర్చీ మీద కన్నేసిన,
ఆర్నీ కొస్కి

*

ఓడ మీద, హ్యూరాన్ సరస్సు

ప్రియమైన పాదసేవకా,

నీ ఉత్తరం డెట్రాయిట్ దగ్గర టపా పడవ వాళ్ళు బకెట్లో వేస్తే పైకి లాక్కున్నాను. చదివాక మళ్ళీ బకెట్లోనే పడెయ్యాలనిపించింది.

థ్రోమండ్ చావడు. కొత్త వీరుణ్ణీ ఇవ్వను. వాడు మంచంలోనే ఉంటాడు, మంచంలోంచే ఆడతాడు. వాడేమంటాడో నేను ఉత్తరంలో రాస్తాను, నువ్వు బల్ల దగ్గర చదువు. "మంచం పట్టిన వీరుడు" అని ఏ పుస్తకంలోనూ లేదని ఏడవకు. నీ పుస్తకాల్లో లేనివి చాలా ఉన్నాయి, ఉదాహరణకి బుర్ర.

ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడూ లేడు. "ఏయ్ కాలేజీ!" అంటారు. నిన్న వంటవాడు నా ఎదురుగానే ఇంకొకడితో "ఈ ఏయ్ కాలేజీని దింపేసి ఎవడైనా మనిషిని పెట్టుకోవాలి" అన్నాడు. ఆ బల్ల దగ్గర కూడా లేకపోతే నేనిక ఎక్కడా లేనట్టే. ఈ వాక్యాన్ని డార్లాకి చదివి వినిపించావంటే జనవరిలో వచ్చి నీ చెప్పులతోనే నిన్ను కొడతాను.

ఇక థ్రోమండ్ మంచంలోంచి మూలుగుతూ అడుగుతున్నాడు: "ఆ కొండగుహలో అన్ని వందల రాక్షసులున్నారు కదా, మంచినీళ్ళు ఎక్కడ తాగుతార్రా?"

ఇంకా బతికే ఉన్న,
వెండెల్

*

సుపీరియర్
జూన్

ప్రియమైన రోగిష్టి వెధవకి,

అందరూ పడీపడీ నవ్వుతారనే నీ ప్రశ్న చదివాను. నవ్వారు కూడా. నవ్వు ఆగాక డార్లా నా వైపు తిరిగింది.

"అవును, ఎక్కడ తాగుతారు?"

"రాక్షసులకి దాహం వెయ్యదు" అన్నాను.

"చీ, నీ మొహం. నిన్నగాక మొన్న వాళ్ళ పీపాలో సారా దొరికిందన్నావుగా!"

చలికాలమంతా కూర్చుని గీసిన గుహరా అది! ఉచ్చులు గీశాను, శాపాలు రాశాను, ఒక్క బావి గియ్యలేదు. పరువు కోసం అప్పటికప్పుడు "ఊట ఉంది" అన్నాను. ఊటనీళ్ళు బయటికెళ్ళే సొరంగం ఉంటుంది కదా అని బ్రూస్ అందుకున్నాడు. ఆ సొరంగంలోంచి దూరి, నా ఉచ్చులన్నీ అటు వదిలేసి, సగం గుహ దాటేశారు దొంగవెధవలు. నా గీతలన్నీ ఇప్పుడు పొయ్యిలోకే పనికొస్తాయి.

ఇప్పుడు ఏ పని మొదలెట్టాలన్నా ముందు సత్రం మేడెక్కి నీ గదికి పోతున్నారు. "థ్రోమండ్ ఏమంటాడో?" నేనేం చెప్పను? నీ ఉత్తరం రాలేదుగా! "నిద్రపోతున్నాడు" అంటున్నాను. "అయితే లేచేదాకా కూర్చుంటాం" అంటారు. వీరులట! ఇద్దరూ మంచం పక్కన కూర్చుని పేకాడుతున్నారు.

వచ్చే వారం నుంచి టాడ్ వస్తున్నాడు. కుర్చీ వాడికే ఇస్తాను. నీకు జ్వరం కూడా తగిలించి ఈ పీడ వదిలించుకుంటాను.

నీ మరణం కోరే,
ఆర్నీ

*

ఓడ మీద, ఏ సరస్సులో ఉన్నామో నాకే తెలీదు, పొగమంచు

ప్రియమైన బావిలేని భూపాలా,

కుర్చీ టాడ్‌కిచ్చుకో. మంచం మాత్రం ముట్టుకోకు.

థ్రోమండ్ మాట: "నన్నిక్కడ ఒంటరిగా వదిలేసి మీరంతా పోతే, ఆ రాక్షసులు వెనకనుంచొచ్చి సత్రం మీద పడరూ?"

అలా చూడకు. రోగికి భయాలుంటాయి.

వెండెల్

*

సుపీరియర్
జూలై

ప్రియమైన శనిగ్రహానికి,

పడరు అని చెప్పాను. బల్ల మీద గుద్ది మరీ చెప్పాను. విన్నారా?

"వాణ్ణి తీసుకెళ్దాం" అంది డార్లా.

"నడవలేడు!"

"మంచంతో సహా."

నవ్వులాట అనుకున్నాను. నిజంగానే మోశారు. ముందు కాళ్ళు టాడ్ పట్టాడు. వాడికి నీ ముఖం కూడా తెలీదు! "నాకంటే ముందునుంచీ ఉన్నాడు కదా, వదిలేస్తే ఎలా?" అన్నాడు నాతో. తిరగబడేవాణ్ణి ఏరికోరి చేర్చుకున్నాను.

గుహలో నేను గర్వపడే గది ఒకటుంది. రహస్యద్వారం, దాని వెనక ఇనుపపళ్ళ ఎలుగు. ద్వారం సన్నగా గీశాను, ఒక్కొక్కరే దూరి వణకాలని. నీ మంచం అందులో ఇరుక్కుంది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. మంచాన్ని నిలువుగా తిప్పాలా, అడ్డంగా తిప్పాలా అని పోట్లాట. బ్రూస్ మా అమ్మ ఇస్త్రీ బల్ల తెచ్చి, మెట్ల తలుపులో ఇరికించి చూపించాడు. ఇప్పుడది కూడా రావట్లేదు. అమ్మ మా ఎవరికీ అన్నం పెట్టనంది.

ఎలుగు లేచింది. వెనకనుంచి తోస్తున్న నీ వాళ్ళంతా మంచానికి ఇవతల ఉన్నారు. ఎలుగు వైపున్నది నువ్వొక్కడివే.

నీ బదులు నేనే చెబుతానన్నాను. ఒప్పుకోలేదు. "వాడు చెప్పాలి" అన్నారు. పాచికలు డబ్బాలో పడేసి మూత పెట్టారు. నీ ఉత్తరం వచ్చేదాకా ఆట లేదట. శనివారాలు వస్తున్నారు, కూర్చుంటున్నారు, మా అమ్మ దాచిన జున్నంతా తింటున్నారు, పోతున్నారు.

బతిమాలుతున్నానని అనుకోకు. థ్రోమండ్ ఏం చేస్తాడో రాయి. పోట్లాడితే ఇరవై ముఖాల పాచిక. పన్నెండు దాటితే ఎలుగు చస్తుంది. ఒకటి పడితే నువ్వు చస్తావు. మధ్యలో ఏది పడినా మళ్ళీ చూద్దాం.

త్వరగా రాసి ఏడు.
ఆర్నీ

*

డెట్రాయిట్ దాటాక

ప్రియమైన ఆర్నీ,

నీ ఉత్తరం పళ్ళేలు కడిగే తొట్టి పక్కన నిలబడి చదివాను. వంటవాడు "ఏయ్ కాలేజీ, ఎవరు పోయారు?" అని అడిగాడు. ఎవరూ పోలేదన్నాను. మంచం మోస్తున్నారన్నాను. నాకు పిచ్చెక్కిందని తేల్చుకుని వెళ్ళిపోయాడు.

థ్రోమండ్ లేచి నిలబడ్డాడు. కత్తి తీశాడు.

పాచిక నువ్వే వెయ్యి. ఎవరికీ కనబడకుండా నువ్వు అడ్డం పెట్టుకునే అట్ట తెర వెనక కాదు, బల్ల మధ్యలో. ఏది పడితే అది రాయి.

వెండెల్

*

సుపీరియర్
ఆగస్టు

ప్రియమైన వెండెల్,

ఒకటి.

అందరి ముందూ వేశాను. దొర్లి దొర్లి జున్ను పళ్ళేనికి కొట్టుకుని ఆగింది. టాడ్ మెల్లగా అన్నాడు: "పన్నెండు దాటిందని రాసేద్దాం. సరస్సు మధ్యలో ఉన్నాడు, ఎలా తెలుస్తుంది?" నిజం చెబుతున్నాను, నా చెయ్యి పాచిక మీదికి వెళ్ళింది.

డార్లా నా వంక చూసింది. "వాడిక్కడ కూర్చునుంటే తిప్పేవాడివా?"

"లేదు."

"మరి?"

అందుకని చంపేశాను. కాలు జారింది, ఎలుగు మెడ పట్టింది. నిద్రలో కాదు, నిలబడే పోయాడు. బ్రూస్ ముక్కు చీదుకుని, జలుబు అన్నాడు. ఆగస్టులో జలుబట! తర్వాత ముగ్గురూ మంచం విరగ్గొట్టుకుని అవతలికి దూకి, నా ఎలుగుని ఖైమా కొట్టేశారు. ఇంత అసహ్యమైన యుద్ధం నేను నడపలేదు. ఒక పథకం లేదు, ఒక పద్ధతి లేదు, ఏడుస్తూ నరకడమే.

నీ కుర్చీ నీకే వదిలేసి టాడ్ బట్టలుతికే మెషీను మీద కూర్చుంటున్నాడు. వాడే అడిగి మరీ ఎక్కాడు.

కొత్త వీరుడి కోసం ఖాళీ కాగితం ఇందులో మడిచి పెట్టాను. నింపి తొందరగా పంపు. వాడు మరుగుజ్జయినా, మంత్రగాడైనా, నీలాంటి అంట్లవాడైనా నాకనవసరం. ఎక్కడో ఓ చోట ఇరికిస్తాను. శనివారం దాకా వీళ్ళు నన్ను బతకనివ్వరు.

ఎలుగు లేని అనాథ,
ఆర్నీ